కాల్1ఏ1 దిగిపోయింది, హైడ్రాక్సీప్రోలిన్ దిగలేదు. లెక్క ఎక్కడ తప్పింది?

అడయారు_కొమ్మ | సోమవారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. చిట్టెలుక ఊపిరితిత్తుల్లో బ్లియోమైసిన్ (కేన్సర్ మందు) వేసి ఫైబ్రోసిస్, అంటే కొలాజెన్ పేరుకుని మచ్చ కట్టడం, తెప్పించే మోడల్. సీ57 బ్లాక్6 జాతి మగవి, 10 వారాల వయసు. గొంతు వెనక చుక్క వేసి పీల్పించే పద్ధతిలో ఒకే డోసు. 7, 14, 21, 28 రోజుల్లో కణజాలం తీసిపెట్టాం.

క్యూపీసీఆర్‌లో (జన్యువు ఎంఆర్‌ఎన్‌ఏ ఎంతుందో కొలిచే పద్ధతి) కొలాజెన్ జన్యువు కాల్1ఏ1 14వ రోజున శిఖరానికి వెళ్లి, 28వ రోజుకి దాదాపు సెలైన్ గుంపు (మందు లేకుండా ఉప్పునీరే వేసినవి) దగ్గరికి దిగింది. ఇంకో కొలాజెన్ జన్యువు కాల్3ఏ1 కూడా అదే దారి. కొలాజెన్ ఎంత పేరుకుందో చెప్పే అమైనో ఆమ్లం హైడ్రాక్సీప్రోలిన్ మాత్రం 7వ రోజున పెద్దగా కదల్లేదు. అక్కణ్నుంచి 28 దాకా పెరుగుతూనే ఉంది.

అడగాల్సింది రెండు. ఈ తేడా నిజమైన జీవశాస్త్రమా, కొలతలో తప్పా? కాల్1ఏ1 తగ్గింది కాబట్టి "మచ్చ మానుతోంది" అని రాయొచ్చా?

---

సీటీ_35 | సోమవారం, 10:40

రెండో ప్రశ్నకి జవాబు ఇప్పుడే: రాయకూడదు.

మొదటిదానికి ముందు మూడు సంగతులు చెప్పండి. రిఫరెన్స్ జన్యువు (కదలదని నమ్మి మిగతావాటిని పోల్చేది) ఏది? హైడ్రాక్సీప్రోలిన్‌ని దేనితో భాగించారు? ఏ లోబు ఏ పనికి వెళ్లింది?

---

అడయారు_కొమ్మ | సోమవారం, 10:58

రిఫరెన్స్ బీటా యాక్టిన్. హైడ్రాక్సీప్రోలిన్ ఒక మిల్లీగ్రాము తడి కణజాలానికి. ఎడమ ఊపిరితిత్తి పారాఫిన్‌కి, కుడి పై లోబు ఆర్‌ఎన్‌ఏకి, కుడి కింది లోబు హైడ్రాక్సీప్రోలిన్‌కి.

---

సీటీ_35 | సోమవారం, 11:35

అనుకున్నంతా అయింది. మూడు చోట్లా మూడు చిల్లులు ఉన్నాయి. నా వంతు మొదటిది.

ఫైబ్రోసిస్‌లో బీటా యాక్టిన్‌ని రిఫరెన్స్‌గా పెట్టడమంటే, వరదలో కొట్టుకుపోతున్న తెప్ప మీద కొలబద్ద పాతడమే. కొలాజెన్ చేసే ఫైబ్రోబ్లాస్ట్ కణం, మచ్చని బిగించే మయోఫైబ్రోబ్లాస్ట్‌గా మారేటప్పుడు లోపలి యాక్టిన్ చట్రం అంతా కొత్తగా కట్టుకుంటుంది. ఆ మార్పుని నడిపే ఎస్‌ఆర్‌ఎఫ్ అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టరే బీటా యాక్టిన్ జన్యువుని కూడా లేపుతుంది. అంటే మీరు కదలదనుకున్న జన్యువు, కొలవాలనుకున్న జబ్బుతో కలిసి కదులుతోంది.

లెక్క చూడండి. క్యూపీసీఆర్‌లో ఒక్కో సైకిల్‌కి ప్రతులు రెట్టింపవుతాయి, సిగ్నల్ కనిపించిన సైకిల్ సంఖ్యే సీటీ. కాల్1ఏ1 నిజంగా 3 సైకిళ్లు ముందుకొచ్చింది అనుకుందాం, అంటే 8 రెట్లు. యాక్టిన్ కూడా 1.5 సైకిల్ ముందుకొస్తే రిఫరెన్స్‌నీ సెలైన్ గుంపునీ తీసేసిన లెక్కలో, అంటే డెల్టా డెల్టా సీటీలో, మిగిలేది 1.5. రెండుని 1.5 ఘాతానికి పెంచితే సుమారు 2.8 రెట్లు. 8 పోయి 2.8 అయింది. ప్రైమర్ తప్పు లేదు, మెషిన్ తప్పు లేదు, భాగహారం తప్పు.

పరీక్ష తేలిక. అన్ని గుంపులకీ ఒకే బరువు ఆర్‌ఎన్‌ఏ, ఉదాహరణకి 500 నానోగ్రాములు, రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్‌కి (ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏ ప్రతిగా మార్చడం) పెట్టి యాక్టిన్ ముడి సీటీలు రోజులవారీగా గీయండి. గీత వంగితే ఆ జన్యువు పనికిరాదు.

దాని బదులు హెచ్‌పీఆర్‌టీ, టీబీపీ, ఆర్‌పీఎల్‌పీ0, పీపీఐఏ ఈ నాలుగూ మీ సొంత నమూనాల్లోనే వేసి చూడండి. స్థిరంగా ఉన్న రెండో మూడో ఎంచి వాటి జ్యామితీయ సగటు వాడండి. జీఏపీడీహెచ్‌కి చిట్టెలుక జీనోమ్‌లో నకిలీ జన్యువులు కుప్పలుగా ఉన్నాయి. డీఎన్‌ఏ కాస్త మిగిలినా సిగ్నల్ వస్తుంది. బీటా2 మైక్రోగ్లోబులిన్ ఇంటర్‌ఫెరాన్‌కి లేస్తుంది కాబట్టి వాపు ఉన్న మోడల్‌లో వద్దు. 18ఎస్ (రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ) కావాలంటే ర్యాండమ్ ప్రైమర్లు తప్పనిసరి, ఆలిగో డీటీ దానికి అతకదు.

---

హైప్రో | సోమవారం, మధ్యాహ్నం 12:20

సీటీ గారు చెప్పింది కాల్1ఏ1 గీతని కిందికి లాగే తప్పు. హైడ్రాక్సీప్రోలిన్ గీతకీ ఒక తప్పు ఉంది, అది వేరే రకంగా వంచుతుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

బ్లియోమైసిన్ తర్వాత మొదటి వారం పది రోజులు ఊపిరితిత్తిలో నీరు, ప్రొటీను, తెల్లకణాలు నిండిపోతాయి. తడి బరువు ఉబ్బుతుంది. మిల్లీగ్రాముకి లెక్క కడితే కొలాజెన్ పలచబడినట్టు కనిపిస్తుంది. అందుకే మీకు 7వ రోజు కదలిక లేదు. తర్వాత నీరు తీసేకొద్దీ భాజకం చిన్నదవుతుంది, మిల్లీగ్రాముకి వచ్చే అంకె దానంతటదే పెరుగుతుంది. 14 నుంచి 28 దాకా మీరు చూసిన ఎక్కుడులో కొంత నిజం కొలాజెన్, కొంత నీరు ఇంకిపోయిన ఫలితం.

కాబట్టి లోబు మొత్తానికి ఎన్ని మైక్రోగ్రాములో రాయండి. మొత్తం ప్రొటీనుతో భాగించినా అదే ఇబ్బంది, ఎందుకంటే రక్తం నుంచి కారిన ఆల్బుమిన్ కూడా అందులో లెక్కకొస్తుంది.

పద్ధతి రాస్తున్నాను, మీదానితో పోల్చుకోండి.

లోబు మొత్తం తూచి, నీళ్లలో మెత్తగా హోమోజెనైజ్ చేయండి. దానికి సమాన పరిమాణంలో 12 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపితే చివరికి 6 నార్మల్ అవుతుంది. టెఫ్లాన్ లైనర్ ఉన్న స్క్రూ మూత గాజు గొట్టాల్లో 110 డిగ్రీల దగ్గర 16 నుంచి 24 గంటలు. 120 డిగ్రీల్లో 3 గంటలు అని కిట్ కాగితాలు చెప్తాయి. చిన్న ముక్కకి సరిపోతుంది గానీ మచ్చ గట్టిపడిన లోబుకి నాకు ఆ మూడు గంటల మీద నమ్మకం లేదు.

గొట్టాన్ని ఓవెన్‌లో పెట్టేముందు, తీశాక తూచండి. బరువు తగ్గితే మూత కారినట్టు, ఆ నమూనా పారేయండి. ఆవిరైపోతే మిగిలిన ద్రావణం చిక్కబడి హైడ్రాక్సీప్రోలిన్ ఎక్కువ చూపిస్తుంది.

తర్వాత చల్లార్చి, వడగట్టి, ఆమ్లాన్ని ఆవిరి చేయండి, లేదా సోడియం హైడ్రాక్సైడ్‌తో తటస్థం చేయండి. ఎక్కువమంది ఇక్కడే బోల్తా పడతారు. ఆమ్లం మిగిలితే ఎసిటేట్ సిట్రేట్ బఫర్ పీహెచ్ 6 చుట్టూ నిలవదు, క్లోరమీన్ టీ ఆక్సీకరణ సరిగ్గా జరగదు, రంగు పలచబడుతుంది. ఒక్కో గుంపు నుంచి ఒక నమూనా తీసి పీహెచ్ కాగితంతో చూడండి.

క్లోరమీన్ టీ గది వేడిలో 20 నిమిషాలు. చెన్నైలో గది వేడి అంటే మే నెలలో ఒకటి, డిసెంబరులో ఒకటి. అందుకే 25 డిగ్రీల వాటర్ బాత్‌లో పెట్టి స్థిరపరచండి. తర్వాత ఎర్లిక్ కారకం. అంటే డైమిథైల్ అమైనో బెంజాల్డిహైడ్‌ని పెర్‌క్లోరిక్ ఆమ్లం, ప్రొపనాల్ కలిపిన దాంట్లో కరిగిస్తారు. ఏరోజుకారోజు కలపాలి. 60 నుంచి 65 డిగ్రీల్లో 20 నిమిషాలు ఉంచి, చల్లార్చి, 550 నుంచి 560 నానోమీటర్ల మధ్య అరగంటలోపు చదవండి. పెర్‌క్లోరిక్ ఆమ్లం ఒలికిన చోట ఎండిపోనివ్వకండి, కాగితంతో తుడిచి చెత్తబుట్టలో వేయకండి. నీళ్లు బాగా పోసి కడగాలి.

ప్రమాణ రేఖ హైడ్రాక్సీప్రోలిన్‌తోనే వేస్తారు. వాటిలో కొన్ని ప్రమాణాలని కూడా ఆ 110 డిగ్రీల ఓవెన్‌లోకి పంపండి. రికవరీ ఎంతో తెలుస్తుంది. కొలాజెన్ బరువులో సుమారు 13 నుంచి 14 శాతం హైడ్రాక్సీప్రోలిన్. కావాలంటే 7.5తో హెచ్చించి కొలాజెన్ అనుకోవచ్చు, కానీ నేనైతే హైడ్రాక్సీప్రోలిన్ అంకెనే అచ్చేస్తాను.

---

కణజాల_కామేశం | సోమవారం, 1:05

మూడో చిల్లు నా వాటా. బ్లియోమైసిన్ మచ్చ గచ్చు వేసినట్టు సమంగా పడదు. అట్లు పోసే పెనం మీద నూనె చుక్కల్లాగా అక్కడక్కడా పడుతుంది. శ్వాసనాళాల చుట్టూ ఎక్కువ, ప్లూరా (ఊపిరితిత్తి పై పొర) కింద అక్కడక్కడా. పై లోబులో ఆర్‌ఎన్‌ఏ, కింది లోబులో హైడ్రాక్సీప్రోలిన్ తీస్తే మీరు పోల్చేది రెండు వేర్వేరు ఊపిరితిత్తుల్ని, ఎలుక ఒకటే అయినా.

ఎడమది మొత్తం హిస్టాలజీకి ఉండనివ్వండి. కుడివైపు లోబులన్నీ కలిపి ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి, చల్లని రోలు పొత్రంలో పొడిచేయండి. ఆ పొడిని బాగా కలిపి రెండు భాగాలు చేయండి, ఒకటి ఆర్‌ఎన్‌ఏకి, ఒకటి హైడ్రాక్సీప్రోలిన్‌కి. భాగాలు తూచి రాసుకుంటే మొత్తం కుడివైపుకి లెక్క తిరిగి కట్టుకోవచ్చు. రోలు వేడెక్కితే ఆర్‌ఎన్‌ఏ పాడవుతుంది, పొడి జిగటగా మారుతుంది. జిగట కనిపించగానే ఇంకాస్త నైట్రోజన్ పోయాలి.

పిక్రోసిరియస్ రెడ్ (కొలాజెన్‌కి పట్టే రంగు) గురించి అడగలేదు, అయినా చెప్తాను. సంతృప్త పిక్రిక్ ఆమ్లంలో 0.1 శాతం సిరియస్ రెడ్, ఒక గంట. తర్వాత 0.5 శాతం ఎసిటిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో రెండుసార్లు, వెంటనే శుద్ధ ఆల్కహాల్. మామూలు కుళాయి నీళ్లలో కడిగితే రంగు జారిపోతుంది. పోలరైజ్డ్ వెలుగులో ఎరుపు కనిపిస్తే టైప్ 1 కొలాజెన్, ఆకుపచ్చ కనిపిస్తే టైప్ 3 అని ఇప్పటికీ రాస్తున్నారు. తప్పు. ఆ రంగు పోగు మందాన్నీ, పోగులు ఎంత ఒత్తుగా సర్దుకున్నాయో దాన్నీ, సెక్షన్ మందాన్నీ బట్టి మారుతుంది. టైపు తెలియాలంటే యాంటీబాడీ వేయాల్సిందే.

పిక్రిక్ ఆమ్లం సీసా మూత దగ్గర ఎండిన పొడి కనిపిస్తే చేత్తో తిప్పకండి. ఎండితే పేలుతుంది. సేఫ్టీ వాళ్లని పిలవండి.

మీ పేరులో అడయారు ఉంది కాబట్టి ఒక చిన్న పక్కమాట. కొలాజెన్ మూడు పేటల తాడు అని 1954లో రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించింది ఈ ఊళ్లోనే, మద్రాసు విశ్వవిద్యాలయంలో. ఎక్స్‌రేకి పెట్టిన కంగారూ తోక స్నాయువు అడయారు తోలు పరిశోధన సంస్థ నుంచి వెళ్లింది. తర్వాత ఆ సంస్థకి డైరెక్టరైన యలవర్తి నాయుడమ్మ గారు మన తెనాలి దగ్గరి యలవర్రు ఆయన. తోళ్లు ఊనేవాళ్లకి (టానింగ్ చేసేవాళ్లకి) కొలాజెన్ ఎంత మొండిదో అప్పటికే తెలుసు.

---

స్టెల్లేట్ | సోమవారం, 3:30

పైవాళ్లు ముగ్గురూ కొలతలన్నీ విప్పేశారు. అవన్నీ సరిచేశాక కూడా మీకు తేడా మిగులుతుందని నా పందెం. అంత పెద్దగా ఉండదు గానీ ఉంటుంది. అది నిజమైన జీవశాస్త్రం.

ఎంఆర్‌ఎన్‌ఏ కుళాయి ధార. హైడ్రాక్సీప్రోలిన్ తొట్టిలో నీటిమట్టం. కుళాయి సగం కట్టినా, ఆవిరయ్యేదానికన్నా పడేది ఎక్కువైనంత కాలం మట్టం పెరుగుతుంది. పూర్తిగా కట్టేసినా తొట్టి ఖాళీ కాదు. లైసిల్ ఆక్సిడేజ్, ఎల్‌ఓఎక్స్‌ఎల్2 అనే ఎంజైములు కొలాజెన్ పోగుల మధ్య అడ్డబంధాలు వేసేశాక, కొలాజెన్‌ని కోసే కొలాజెనేజ్ వాటిని తొందరగా కొరకలేదు. కాబట్టి 28వ రోజున "తయారీ మందగించింది, పేరుకున్నది అలాగే ఉంది" అని రాయండి. "మానుతోంది" అనాలంటే మట్టం దిగాలి. ఈ మోడల్‌లో కుర్ర ఎలుకల్లో అది నిజంగానే దిగుతుంది, కానీ 28 తర్వాత, ఆరేడు వారాలకి. ముసలి ఎలుకల్లో అంత తేలిగ్గా దిగదు.

ఇంకో మెలిక. ఎంఆర్‌ఎన్‌ఏ పెరిగిందంటే జన్యువు అన్ని రెట్లు ఎక్కువగా చదవబడిందని కాదు. దీనికి కాలేయంలో మంచి ఉదాహరణ ఉంది. నిద్రాణంగా ఉన్న స్టెల్లేట్ కణంలో (కాలేయంలో మచ్చ కట్టే కణం) కాల్1ఏ1 ఎంఆర్‌ఎన్‌ఏ అర్ధాయువు సుమారు గంటన్నర. ఉత్తేజితమైన కణంలో 24 గంటల పైమాట. ట్రాన్స్‌క్రిప్షన్, అంటే జన్యువు చదవబడటం, పెరిగేది మూడు రెట్లే. మూడుని పదహారుతో గుణించి చూడండి, దాదాపు యాభై రెట్లు. ఎంఆర్‌ఎన్‌ఏ పెరుగుదలలో సింహభాగం చావకుండా నిలవడం వల్లే. ఎంఆర్‌ఎన్‌ఏ 3 ప్రైమ్ చివర సీ బేసులు ఎక్కువున్న చోట ఆల్ఫా సీపీ ప్రొటీను పట్టుకుని కాపాడుతుంది. 5 ప్రైమ్ దగ్గరి స్టెమ్ లూప్‌ని ఎల్‌ఏఆర్‌పీ6 పట్టుకుంటుంది. వ్యతిరేక దిశలో మైక్రో ఆర్‌ఎన్‌ఏ 29 కుటుంబం ఉంది. కాల్1ఏ1, కాల్1ఏ2, కాల్3ఏ1 మూడింటినీ అణిచిపెడుతుంది. మచ్చని రేపే సంకేత ప్రొటీను టీజీఎఫ్ బీటా వచ్చి దాన్నే తగ్గిస్తుంది.

ప్రమోటర్ (జన్యువు చదవడం మొదలయ్యే డీఎన్‌ఏ భాగం) మీద జరిగేది క్లుప్తంగా: టీజీఎఫ్ బీటా ఏఎల్‌కే5 గ్రాహకాన్ని తాకితే స్మాడ్2, స్మాడ్3 ప్రొటీన్లు ఫాస్ఫేట్ తగిలించుకుని స్మాడ్4తో జతకట్టి కేంద్రకంలోకి వెళ్తాయి. కాల్1ఏ2 ప్రమోటర్ దగ్గర స్మాడ్3 ఒక్కటే పని చేయదు, ఎస్‌పీ1 తోడు కావాలి. చిట్టెలుకలో ఈ జన్యువుకి 17 కిలోబేసుల ఎగువన ఒక దూరపు ఎన్‌హాన్సర్ (జన్యువుని ఇంకా లేపే డీఎన్‌ఏ ముక్క) ఉంది. ఫైబ్రోబ్లాస్ట్‌లలో, జన్యువు నడుస్తోందో లేదో చూపే రిపోర్టర్ నడపాలనుకునేవాళ్లు దాన్ని కలుపుకోవాలి, చిన్న ప్రమోటర్ ముక్కతో సరిపెట్టకూడదు.

---

అడయారు_కొమ్మ | సోమవారం, 4:10

స్టెల్లేట్ అన్నా, ట్రాన్స్‌క్రిప్షన్, స్థిరత్వం రెంటినీ మా దగ్గరున్న ఆర్‌ఎన్‌ఏతోనే విడదీయొచ్చా? న్యూక్లియర్ రన్ ఆన్ (ట్రాన్స్‌క్రిప్షన్‌ని నేరుగా కొలిచే పరీక్ష) చేసే సౌకర్యం లేదు.

---

సీటీ_35 | సోమవారం, 4:45

ఉజ్జాయింపుగా విడదీయొచ్చు. కాల్1ఏ1 ఇంట్రాన్ (స్ప్లైసింగ్‌లో కోసేసే భాగం) లోపల ఒక ప్రైమర్ జత, ఎక్సాన్ ఎక్సాన్ సంధి (మిగిలే భాగాలు అతికే చోటు) మీద ఇంకో జత. ఇంట్రాన్ సిగ్నల్ స్ప్లైసింగ్ కాని కొత్త ప్రతుల్ని లెక్కపెడుతుంది, ట్రాన్స్‌క్రిప్షన్‌కి దగ్గరి సూచిక. ఎక్సాన్ సిగ్నల్ పెరిగి ఇంట్రాన్ పెరక్కపోతే స్థిరత్వం వైపు చూడండి.

షరతులు ఉన్నాయి. ఇంట్రాన్ ప్రైమర్‌కి జీనోమిక్ డీఎన్‌ఏ కూడా అతుకుతుంది. ఆర్‌ఎన్‌ఏ తీసే కాలమ్ మీద, డీఎన్‌ఏని కోసే ఎంజైము డీఎన్‌ఏస్ ఒకసారి, ద్రావణంలో ఇంకోసారి చేయండి. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ లేని కంట్రోల్ ప్రతి నమూనాకీ పెట్టండి. ప్లేటుకి ఒకటి చాలదు. అసలు నమూనాకీ ఈ కంట్రోల్‌కీ మధ్య కనీసం 7 సైకిళ్లు తేడా ఉంటే డీఎన్‌ఏ వాటా 1 శాతం లోపు. ర్యాండమ్ ప్రైమర్లతోనే సీడీఎన్‌ఏ చేయండి.

మచ్చ కట్టిన కణజాలం నుంచి ఆర్‌ఎన్‌ఏ తీయడమే సగం యుద్ధం. కొలాజెన్ కాలమ్‌ని మూసేస్తుంది. 55 డిగ్రీల్లో 10 నిమిషాలు ప్రొటీనేజ్ కే వేస్తే తేడా కనిపిస్తుంది. 260, 230 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ నిష్పత్తి 1 కింద ఉంటే గ్వానిడిన్ మిగిలినట్టు, వాష్ ఇంకోసారి చేయండి. అసలు ప్రమాదం ఎక్కడంటే, మచ్చ గుంపులో ఆర్‌ఎన్‌ఏ నాణ్యత తక్కువ, సెలైన్ గుంపులో ఎక్కువ ఉంటే ఆ తేడాయే జన్యు తేడాలా వేషం వేస్తుంది. ఆర్‌ఐఎన్ (ఆర్‌ఎన్‌ఏ నాణ్యత అంకె) 7 కింద ఉన్నవి తీసేయండి. తీసేసినట్టు రాయండి కూడా.

కాల్1ఏ1లో జీ, సీ బేసులు ఎక్కువ. రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్ 42 డిగ్రీల దగ్గర ఆపకుండా, వేడి తట్టుకునే ఎంజైముతో 50 నుంచి 55 డిగ్రీల్లో నడపండి. క్యూపీసీఆర్ ప్రమాణ రేఖ వాలు మైనస్ 3.1కీ మైనస్ 3.6కీ మధ్య ఉండాలి.

---

తరమణి_కిటికీ | సోమవారం, రాత్రి 9:15

ఒక అభ్యంతరం. పై చర్చంతా "కాల్1ఏ1 పెరిగింది" అంటే ఒక్కో కణం ఎక్కువ చేస్తోందన్నట్టు సాగుతోంది. 14వ రోజు ఊపిరితిత్తిలో ఫైబ్రోబ్లాస్ట్‌ల సంఖ్యే ఎక్కువ. మొత్తం కణజాలం మీద క్యూపీసీఆర్ ఈ రెంటినీ కలిపేస్తుంది. కనీసం ఫైబ్రోబ్లాస్ట్ తరహా కణాల గుర్తులైన పీడీజీఎఫ్‌ఆర్ ఆల్ఫా, పీడీజీఎఫ్‌ఆర్ బీటా పక్కన వేసి చూడండి. వీలైతే కణాలు వేరుచేసి సార్టింగ్ చేయండి. 2020 నుంచి వచ్చిన ఒంటికణ సీక్వెన్సింగ్‌లో కొలాజెన్‌ని విపరీతంగా చేసేది ఫైబ్రోబ్లాస్ట్‌లన్నీ కాదని, సీటీహెచ్‌ఆర్‌సీ1 ఉన్న చిన్న గుంపు అని తేలింది. ఆ జన్యువుకి ఒక ప్రైమర్ జత కొంటే ఖర్చు పెద్దగా ఉండదు.

కల్చర్‌లో ధ్రువీకరించాలనుకుంటే నాలుగు మాటలు. ఫైబ్రోబ్లాస్ట్‌లని 24 గంటలు 0.5 శాతం సీరంలో ఉంచాక, టీజీఎఫ్ బీటా1 మిల్లీలీటరుకి 5 నానోగ్రాములు. ఆస్కార్బేట్ లేకుండా కొలాజెన్ ప్రొటీను కొలవడం దండగ. ప్రొలిల్ హైడ్రాక్సిలేజ్‌కి అది లేకపోతే మూడు పేటలూ గట్టిగా మెలిపడవు, ప్రొకొలాజెన్ కణంలోనే ఇరుక్కుంటుంది. ఎంఆర్‌ఎన్‌ఏ మాత్రం చక్కగా పెరుగుతుంది. అక్కడ కూడా మీ ప్రశ్నే పుడుతుంది: జన్యువు మేలుకుంది, కొలాజెన్ ఏది? మామూలు ఆస్కార్బిక్ ఆమ్లం మీడియంలో ఒక రోజు నిలవదు. ఆస్కార్బేట్ 2 ఫాస్ఫేట్ వాడండి. ఎలుకకి ఈ బెడద లేదు, తన విటమిన్ సి తనే చేసుకుంటుంది.

ప్లాస్టిక్ డిష్ గట్టిదనం ఏ మచ్చకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. దాని మీద వారాల తరబడి పెరిగిన ఫైబ్రోబ్లాస్ట్ అప్పటికే సగం మేలుకునే ఉంటుంది. మీ "కంట్రోల్" నిజంగా కంట్రోల్ కాదు. 3 నుంచి 6 పాసేజీల మధ్యవే వాడండి.

---

వేపనీడ | మంగళవారం, ఉదయం 7:50

నేను వృత్తిరోగాల వైపు వైద్యం చేసేదాన్ని, ల్యాబు బల్ల నాది కాదు. అయినా ఒకటి చెప్పాలి. బ్లియోమైసిన్ గీతని అన్ని విషాలకీ అంటగట్టొద్దు.

బ్లియోమైసిన్ ఒకసారి వచ్చి డీఎన్‌ఏని తెంపి వెళ్లిపోతుంది. ఊపిరితిత్తికీ చర్మానికీ ఎక్కువ దెబ్బ ఎందుకంటే దాన్ని విరగ్గొట్టే హైడ్రోలేజ్ ఆ రెండు చోట్లా తక్కువ. విషం పోయాక మాన్పుకునే అవకాశం ఉంటుంది. సిలికా అలా కాదు. స్ఫటికం అక్కడే కూర్చుంటుంది. మాక్రోఫేజ్ (చెత్తని మింగే రక్షణ కణం) మింగుతుంది, లోపలి జీర్ణసంచి లైసోసోమ్ పగులుతుంది, ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 మేలుకుని వాపు సంకేతం ఐఎల్1 బీటా వస్తుంది, కణం చస్తుంది, స్ఫటికం బయటపడి ఇంకో మాక్రోఫేజ్ నోట్లో పడుతుంది. పని మానేసినా జబ్బు ముదిరేది అందుకే. కోలార్ బంగారు గనుల కార్మికుల్లో సిలికోసిస్ 1940ల్లోనే నమోదైంది. గనులు 2001లో మూతపడ్డాయి, దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు మూతపడలేదు. ఇప్పుడు వంటగది గట్లకి వాడే కృత్రిమ క్వార్ట్జ్ రాయిలో సిలికా 90 శాతం దాటొచ్చు. ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి దాన్ని నిషేధించింది. మన నగరాల్లో పొడిగా కోస్తున్న షెడ్లు చూస్తూనే ఉన్నాం.

సిలికా మోడల్‌లో కాల్1ఏ1 ఇలా కొండలా ఎక్కి దిగదు, మెట్టు మీద మెట్టు నిలుస్తుంది. చేసేవాళ్లు సిలికాని 200 డిగ్రీల్లో రెండు గంటలు కాల్చి ఎండోటాక్సిన్ తీసేయాలి, వేసేముందు సోనికేట్ చేయాలి. లేకపోతే మీరు చూసేది బ్యాక్టీరియా వాపు.

కలుపు మందు పారాక్వాట్ ఇంకో రకం. పాలీఅమైన్ దారిలో ఊపిరితిత్తి కణాల్లోకి తనే పోగవుతుంది, ఆక్సిజన్‌తో చక్రం తిరుగుతూ సూపర్ఆక్సైడ్ పుట్టిస్తుంది. అందుకే ఆ రోగికి అవసరానికి మించి ఆక్సిజన్ పెడితే మచ్చ ఎక్కువవుతుంది.

ఇక మనవాళ్ల వక్క. నోటి సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్‌లో వక్కలోని అరెకోలిన్ ఫైబ్రోబ్లాస్ట్‌ని తడుతుంది, వక్కలోని రాగి లైసిల్ ఆక్సిడేజ్‌ని పెంచుతుంది, టానిన్లు కొలాజెన్‌ని కొలాజెనేజ్‌కి లొంగకుండా చేస్తాయి. కామేశం గారి తోలు ఊనడం గుర్తుందిగా, నోట్లో జరిగేది దాదాపు అదే. ఇక్కడ జన్యువు కన్నా అడ్డబంధాలదే పెత్తనం. కాల్1ఏ1 ఒక్కటే కొలిచి ఈ జబ్బుని అంచనా వేయలేం.

---

స్టెల్లేట్ | మంగళవారం, 8:30

వేపనీడ గారి మాటకి కాలేయం నుంచి ఒక తోడు. కార్బన్ టెట్రాక్లోరైడ్ నేరుగా విషం కాదు. కాలేయ ఎంజైము సీవైపీ2ఈ1 దాన్ని ట్రైక్లోరోమిథైల్ రాడికల్‌గా మారుస్తుంది. ఆ ఎంజైము కేంద్ర సిర చుట్టూ ఎక్కువ కాబట్టి నెక్రోసిస్ (కణాల చావు) అక్కణ్నుంచే మొదలు. నూనెలో కలిపి వారానికి రెండుసార్లు, నాలుగు నుంచి ఆరు వారాలు ఇస్తారు. చివరి డోసు తర్వాత ఎన్ని గంటలకి కాలేయం తీశారన్నది చాలామంది రాయరు. 24 గంటలకి తీస్తే తాజా గాయం, 72కి తీస్తే కాల్1ఏ1 వేరే మెట్టు మీద ఉంటుంది. గుంపులన్నిటికీ ఒకే గంట పాటించకపోతే అంకెలకి అర్థం లేదు.

జాతుల సంగతి కూడా. బ్లియోమైసిన్‌కి సీ57 బ్లాక్6 లొంగుతుంది, బాల్బ్ సీ తట్టుకుంటుంది. కార్బన్ టెట్రాక్లోరైడ్‌కి తలకిందులు, బాల్బ్ సీలో మచ్చ ఎక్కువ. "ఫైబ్రోసిస్ వచ్చే జాతి" అనేది ఒకటి లేదు.

---

అడయారు_కొమ్మ | మంగళవారం, 11:20

చాలా సాయం చేశారు. ఇంకో అనుమానం, డోసు. మా వయల్ మీద 15 యూనిట్లు అని ఉంది. చూసిన పేపర్లలో కొందరు కిలోకి 2 యూనిట్లు, కొందరు 2 మిల్లీగ్రాములు అంటారు. రెండూ ఒకటేనా?

---

హైప్రో | మంగళవారం, 11:52

ఒకటి కాదు. ఒక మిల్లీగ్రాములో 1.5 నుంచి 2 యూఎస్‌పీ (అమెరికా ఫార్మకోపియా) యూనిట్లు ఉంటాయి. కిలోకి 2 మిల్లీగ్రాములంటే 3 నుంచి 4 యూనిట్లు. 2 యూనిట్లనుకుని అది వేస్తే రెండో వారంలో ఎలుకలు వరసగా పోతాయి. యూరోపు ఫార్మకోపియా అంకె ఇంకో గందరగోళం: యూఎస్‌పీ 1 యూనిట్ అంటే అక్కడ 1,000 అంతర్జాతీయ యూనిట్లు. వయల్ మీద 15,000 అని ఉంటే భయపడొద్దు, అదే 15.

15 యూనిట్లని 15 మిల్లీలీటర్ల సెలైన్‌లో కరిగిస్తే మిల్లీలీటరుకి 1 యూనిట్. 25 గ్రాముల ఎలుకకి 50 మైక్రోలీటర్లు వేస్తే 0.05 యూనిట్, అంటే కిలోకి 2. చిన్న భాగాలుగా ఫ్రీజ్ చేసి, ఒకసారి కరిగించింది మళ్లీ గడ్డకట్టించొద్దు. ఇది కణాల్ని చంపే మందు, క్యాబినెట్‌లోనే కలపండి. లాట్ మారితే డోసు మళ్లీ సరిచూసుకోండి. బరువు 20 శాతం తగ్గిన ఎలుకని అక్కడితో ఆపాలి. ఎథిక్స్ దరఖాస్తులో ఆ అంకె ముందే రాసి ఉండాలి.

---

అడయారు_కొమ్మ | మంగళవారం, 3:05

సరే, మళ్లీ చేయబోయేది ఇది. పాత ఆర్‌ఎన్‌ఏ మీద హెచ్‌పీఆర్‌టీ, టీబీపీ, ఆర్‌పీఎల్‌పీ0 వేసి యాక్టిన్ గీత చూస్తాం. కొత్త గుంపు: 0, 7, 14, 21, 28, 42 రోజులు, కుడి లోబులన్నీ పొడి, రెండు భాగాలు. కాల్1ఏ1 ఎక్సాన్, ఇంట్రాన్, ఎల్‌ఓఎక్స్‌ఎల్2, సీటీహెచ్‌ఆర్‌సీ1. హైడ్రాక్సీప్రోలిన్ కుడివైపు మొత్తానికి. పాత కింది లోబులకి తూకం ఉంది కాబట్టి లోబు మొత్తానికి తిరిగి లెక్కకడతాం. కరిగే కొలాజెన్ కోసం సిరియస్ రెడ్ రంగుతో పనిచేసే కిట్ కూడా ఒకటి ఉంది, అదీ వేస్తాం.

---

కణజాల_కామేశం | మంగళవారం, 3:22

42 పెట్టడం మంచి పని. దిగుతోందా లేదా అక్కడే తెలుస్తుంది.

---

హైప్రో | మంగళవారం, 3:40

ఆ కిట్ వద్దు. అడ్డబంధాలు పడిన కొలాజెన్ ఎసిటిక్ ఆమ్లం, పెప్సిన్‌లో కరగదు, అడుగున మిగిలిపోతుంది. 28వ రోజు మచ్చ గట్టిపడేకొద్దీ మీకు కొలాజెన్ తగ్గినట్టు కనిపిస్తుంది. పైగా ఆ రంగు రక్తం ప్రొటీన్లకీ అంటుకుంటుంది, 7వ రోజు పెరిగినట్టు కనిపిస్తుంది. వేయాల్సే వస్తే అడుగున మిగిలింది కూడా 6 నార్మల్ ఆమ్లంలో కరిగించి హైడ్రాక్సీప్రోలిన్ చూడండి. కరిగినదానికీ కరగనిదానికీ నిష్పత్తి ఎల్‌ఓఎక్స్‌ఎల్2 గీత పక్కన పెట్టుకోవచ్చు.

పాత కింది లోబుల తూకం లోబు మొత్తానిదా, కోసిన ముక్కదా?

---

అడయారు_కొమ్మ | మంగళవారం, 3:48

కోసిన ముక్కది.

---

హైప్రో | మంగళవారం, 3:51

అయితే తిరిగి లెక్కకట్టడం కుదరదు. ఆ అంకెలు పక్కన పెట్టి, 14, 28 రోజుల ఎడమ ఊపిరితిత్తి బ్లాకులు కామేశం గారి లెక్కన రంగు వేయించండి. కొత్త గుంపు వచ్చేదాకా చేతిలో ఉన్న సాక్ష్యం అదే.